దరఖాస్తు బల్ల దగ్గర రెండో కుర్చీ



మాస్టారి స్మారకోపన్యాసం అంటే ఆయన గుణగణాలతో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను ఒక మధ్యాహ్నం సంగతి చెప్పి మొదలుపెడతాను.

1981 వేసవి. బి.ఏ. పరీక్షలు రాసి ఉద్దానంలో మా ఇంటికొచ్చి ఉన్నాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదవాలని ఉంది. ఆ మాట ఇంట్లో అనడానికి ధైర్యం చాల్లేదు. మా నాన్నకి మూడెకరాల జీడితోట, నాలుగు కొబ్బరిచెట్లు, నా వెనక ఇద్దరు ఆడపిల్లలు. విశాఖపట్నం వెళ్లినవాళ్ల చేత తెప్పించుకున్న ఫారం నా ట్రంకు పెట్టెలో బట్టల అడుగున ఉంది. మాస్టారు మాకు హైస్కూల్లో లెక్కలు చెప్పినవారు. నేను ఆయన బడి దాటి అయిదేళ్లయింది. అయినా ఎవరి నోటో విని ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, "ఫారం ఏదమ్మా?" అన్నారు.

నేను నాన్న మొహం చూశాను. మాస్టారు కూడా ఆయన వైపే చూసి, "ఫారం నింపినంత మాత్రాన పిల్ల రైలెక్కేసినట్టు కాదు కదయ్యా. నింపుదాం. పోస్టు చెయ్యాలా వద్దా అన్నది రేపు పొద్దున్న ఆలోచిద్దాం" అన్నారు.

ముందు తెల్లకాగితం మీద పెన్సిలుతో ఫారం మొత్తం రాయించారు. సిరా ఆ తరవాతే. తండ్రి వార్షికాదాయం అన్న గడి దగ్గర నాన్న తడబడ్డాడు. తోట రాబడి ఏడాదికో తీరు కదా. మాస్టారు చిత్తుకాగితం తీసి మూడేళ్ల లెక్క అడిగి, కూడి, సగటు తీసి, ఆ అంకె నాన్నకి చదివి వినిపించి, ఆయన తలూపాకే రాయనిచ్చారు. మర్నాడు టైపు సెంటర్లో మార్కుల పత్రాలకి ట్రూ కాపీలు కొట్టించారు. గెజిటెడ్ హెడ్మాస్టరు గారి చేత ఆకుపచ్చ సిరా సంతకం పెట్టించారు. రిజిస్టరు పోస్టులో వేసి, ఆ రసీదు తెచ్చి మా నాన్న చేతిలో పెట్టారు. నాకివ్వలేదు, నాన్నకే ఇచ్చారు. ఆ చీటీ చాలా కాలం మా ఇంటి చూరులో ఉంది.

మాస్టారికి తెలుగు ఎం.ఏ. గురించి ఏమీ తెలియదు. ఎన్ని సీట్లో, హాస్టలు ఖర్చెంతో, చదివాక ఏం ఉద్యోగమొస్తుందో చెప్పలేదు, చెప్పగలవారు కూడా కాదు. వచ్చి పక్కన కూర్చున్నారు. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ కూర్చోవడం గురించే.

*

ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ముప్ఫై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి 2021లో రిటైరయ్యాను. మాస్టారి శిష్యురాలినే అయినా, అందులో చాలా ఏళ్లు నేను ఆయన చేసిన పని చెయ్యలేదు. నోటీసు బోర్డు మీద తేదీలు రాసేదాన్ని. క్లాసులో చెప్పేదాన్ని. ఆఖరు తేదీ దగ్గరపడితే ఇంకోసారి చెప్పేదాన్ని.

ఒక సంవత్సరం ఎంపీసీలో ఒక అమ్మాయికి ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష ఎంసెట్‌లో మంచి రాంకు వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. ఇంట్లో కంప్యూటరు లేదు, నాన్న చెన్నైలో కూలిపనిలో ఉన్నాడు. కావలసిన కాలేజీల పేర్లు చీటీ మీద రాసుకుని నెట్ సెంటరుకి వెళ్లింది. అక్కడి కుర్రాడు పాస్‌వర్డు తీసుకుని, రద్దీగా ఉంది, సాయంత్రం పెట్టేస్తానన్నాడు. పెట్టాడు. కానీ చీటీలో లేని ఒక ప్రైవేటు కాలేజీ మొదటి ఆప్షనుగా పడింది. ఆ సెంటరుకి తలకింతని ఎక్కడినుంచో ముడుతుందని తరవాత తెలిసింది. సీటు అక్కడే వచ్చింది. ఊరికి దూరం, హాస్టలు ఖర్చు మొయ్యలేనిది. ఆ పిల్ల ఇంటి దగ్గరే ఉండిపోయింది. మాఘమాసంలో పెళ్లి చేశారు.

నేను ఆఖరు తేదీ ఆ పిల్లకి మూడుసార్లు చెప్పాను. చెప్పడంతో నా పని అయిపోయిందనుకున్నాను. మా కాలేజీ ఆఫీసులో కంప్యూటరు ఉంది, నాకు ఆ సాయంత్రం తీరిక ఉంది. గంటసేపు పక్కన కూర్చుని ఉంటే సరిపోయేది. ఈ సంగతి ఇన్నేళ్లలో ఏ సభలోనూ చెప్పలేదు. మాస్టారి పేరు మీద జరిగే సభలో దాచుకోవడం తప్పనిపించి చెబుతున్నాను.

చెప్పడానికీ కూర్చోవడానికీ ఎంత తేడా ఉందో అమెరికాలో నలుగురు ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కగట్టి చూపించారు. ఎరిక్ బెటింజర్, బ్రిడ్జెట్ టెర్రీ లాంగ్, ఫిలిప్ ఓరియోపౌలస్, లీసా సన్బొన్‌మట్సు. వాళ్ల పరిశోధన 2012లో అచ్చయింది. ఆ దేశంలో కాలేజీ చదువుకి ప్రభుత్వ సాయం కావాలంటే ఫాఫ్సా అనే పొడుగాటి ఫారం నింపాలి. ఒహాయో, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో ఆదాయపు పన్ను లెక్కలు చేయించుకోవడానికొచ్చే తక్కువ ఆదాయం వాళ్లను తీసుకున్నారు. కొందరికి, మీకు ఇంత సాయం రావచ్చు, ఫలానా కాలేజీల ఖర్చు ఇంత అని కాగితం మీద వివరాలిచ్చి పంపారు. కొందరికి ఆ వివరాలతో పాటు అక్కడికక్కడే కూర్చుని ఫారం నింపిపెట్టారు. సుమారు పది నిమిషాల పని. మూడేళ్ల తరవాత చూస్తే, ఫారం నింపిపెట్టిన కుటుంబాల పిల్లల్లో నూటికి 36 మంది రెండేళ్ల కాలేజీ చదువు పూర్తిచేశారు. ఏ సాయమూ అందని వాళ్లలో 28 మంది. మరి వివరాల కాగితం ఒక్కటే అందుకున్నవాళ్లు? ఏమీ అందనివాళ్లకీ వీళ్లకీ తేడా కనబడలేదు.

ఆ చివరి మాట చదివినరోజు నాకు మా కాలేజీ నోటీసు బోర్డు కళ్లముందు కదిలింది.

*

ఇవాళ ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్ల ముందు ఏమేం ఉన్నాయో పెద్దవాళ్లలో చాలామందికి తెలియదు. మన కాలంలో ఒకటో రెండో ఫారాలు. ఇప్పుడు ఇంజనీరింగు, వ్యవసాయం, ఫార్మసీలకి ఈఏపీసెట్. మన రాష్ట్రంలో మామూలు డిగ్రీకి ఒక ఆన్‌లైన్ పద్ధతి, తెలంగాణలో 2016 నుంచి దోస్త్. ఐఐటీ, ఎన్ఐటీలకి జేఈఈ, ఆ పైన జోసా కౌన్సెలింగ్. వైద్యానికి నీట్. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకి 2022 నుంచి సీయూఈటీ. ఒక్కోదానికి ఒక్కో పోర్టల్, ఒక్కో పాస్‌వర్డు, ఒక్కో ఫీజు, ఒక్కో కొలత ఫోటో. ఓటీపీ మాత్రం అన్నింటికీ ఒకే ఫోనుకి వస్తుంది. ఆ ఫోను నాన్న జేబులో ఉంటుంది. నాన్న చెన్నైలోనో, హైదరాబాదులో ఏ అపార్టుమెంటు వాచ్‌మన్ గదిలోనో ఉంటాడు.

సీయూఈటీ సంగతి కొంచెం చెప్పాలి, మన పల్లె పిల్లలు ఎక్కువగా జారిపోతున్న మెట్టు అదే. పరీక్షని తెలుగులోనూ రాయవచ్చు. పదమూడు భాషల్లో మనదొకటి. కానీ ఏ కోర్సుకి ఏ పేపర్లు రాయాలన్నది ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కోలా పెట్టింది. దరఖాస్తు రోజున తప్పు పేపరు ఎంచుకుంటే, పరీక్షలో ఎంత బాగా రాసినా ఆ కోర్సు దక్కదు. రెండోది ఇంకా బాధాకరం. పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాక, ఏ విశ్వవిద్యాలయంలో చేరదలచుకున్నామో దాని పోర్టల్‌లో మళ్లీ విడిగా నమోదు చేసుకోవాలి. సీయూఈటీ రాశాం కదా, సీటు వాళ్లే ఇస్తారనుకుని ఇంట్లో కూర్చున్న పిల్లలు నాకు తెలుసు. ఫలితం వచ్చింది, మార్కులొచ్చాయి, సీటు కబురు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో వాళ్లకి చెప్పేవాళ్లు లేరు.

సీఈసీ, హెచ్ఈసీ పిల్లల గురించి ఎవరికీ పట్టదు. మన ఇళ్లలో ఎంపీసీ అంటే ఇంజనీరు, బైపీసీ అంటే డాక్టరు, మిగతావాళ్లంటే 'ఏదో చదువుతున్నాడు'. 1974లో మొదలైన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చరిత్రో అర్థశాస్త్రమో ఇంటర్ కాగానే చేరి అయిదేళ్లు ఒకే చోట చదువుకోవచ్చు. అనంతపురంలో 2018 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. మన పక్కనే విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని శ్రీ వేంకటేశ్వర కళాశాల 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం పెట్టినది. మన హుండీలో పడిన రూపాయితో మొదలైన కాలేజీ దేశ రాజధానిలో ఉందని మన హెచ్ఈసీ పిల్లల్లో ఎందరికి తెలుసు? బైపీసీ పిల్లలకైనా అంతే. నీట్ రాకపోతే లోకం మునిగిపోయినట్టు ఏడుస్తారు. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రైతు బిడ్డలకి ప్రత్యేక కోటా ఉంది. పాసుపుస్తకం, పల్లె బడుల్లో చదివినట్టు కాగితాలు చూపించాలి. అసలు ఆ కోటా ఎవరి కోసం పెట్టారో, వాళ్లకే దాని ఊసు అందడం లేదు. కౌలు రైతు బిడ్డకి ఆ పాసుపుస్తకం కూడా ఉండదు. అది ఇంకో గొడవ, ఇంకో సభలో చెప్పుకోవలసినది.

*

కాగితాల దగ్గరికొస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

ఊళ్లో పిల్ల ఒకటో తరగతిలో చేరినప్పుడు పుట్టినతేదీ ఎవరికీ గుర్తుండేది కాదు. బడి తెరిచేది జూన్‌లో గనక పంతులుగారు లెక్క సరిపోయేలా ఒక తేదీ వేసేవారు. ఆధార్ వచ్చినప్పుడు అమ్మ చెప్పిన తేదీ ఇంకొకటి పడింది. బడి రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకు పుస్తకంలో చివరికెళ్లి పడింది. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందుంటుందన్న సంగతి కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదు. ఈ మూడు పేర్లూ కలవకపోతే స్కాలర్‌షిప్పు ఆగుతుంది, ఒక్కోసారి దరఖాస్తే ముందుకు కదలదు.

వీటన్నింటికీ మూలం పదో తరగతి నామినల్ రోల్, అంటే పరీక్షకి బడి పంపే పిల్లల జాబితా. అందులో పడిన పేరు, తేదీ మార్కుల మెమో మీదికెక్కుతాయి, అక్కడినుంచి జన్మంతా వెంట వస్తాయి. తరవాత దిద్దించుకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. అందుకే నేనంటాను, విశ్వవిద్యాలయానికి దరఖాస్తు ఇంటర్ రెండో సంవత్సరం మార్చిలో మొదలవదు. పదో తరగతి నామినల్ రోల్ రాసే రోజున మొదలవుతుంది. తొమ్మిదిలోనే మొదలుపెడితే మరీ మంచిది.

కులధ్రువీకరణ పత్రం విషయం చూడండి. రాష్ట్రంలో బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ అని ఉంటుంది. ఐఐటీకో కేంద్రీయ విశ్వవిద్యాలయానికో వెళ్లాలంటే అది చెల్లదు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ అనే వేరే పత్రం కేంద్రం నమూనాలో కావాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేవు. ఐఐటీ, ఎన్ఐటీ ప్రవేశాలకి ఆ సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి ఇచ్చిన పత్రమే తీసుకుంటారు. పోయినేడాది అన్నకి తీయించినది ఉంది కదా అని ఇంట్లో నిశ్చింతగా ఉంటారు. అగ్రవర్ణాల్లో పేదవాళ్లకి 2019 నుంచి పది శాతం ఉంది, ఆ ఈడబ్ల్యూఎస్ పత్రానికీ ఇదే గడువు. ఏప్రిల్‌లో తహసీల్దారు ఆఫీసు ముందు నిలబడాలన్న సంగతి పిల్లకి జనవరిలోనే తెలియాలి. ఊరికే తెలిస్తే చాలదు. ఆ రోజు వెంట వెళ్లే మనిషి ఉండాలి.

స్థానికత ఇంకోటి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి మన ప్రవేశాల్లో స్థానికులకి 85 శాతం సీట్లు. స్థానికత రుజువుకి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు చూస్తారు. మా ఉద్దానం పిల్లల చదువు ఏడేళ్లూ ఒక చోట సాగదు. అమ్మానాన్న పనికెళ్లిన చోటల్లా సాగుతుంది. ఆరు ఇక్కడ, ఏడు హైదరాబాదులో, ఎనిమిది మళ్లీ అమ్మమ్మ ఊళ్లో. ఆ హైదరాబాదు బడి మూతపడి ఉంటుంది. ఆ ఒక్క సంవత్సరం కాగితం కోసం ఒక తండ్రి నాలుగు రోజుల కూలి పోగొట్టుకుని రైల్లో వెళ్లి రావడం నేను చూశాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడున్న చాలామంది ఇళ్ల మీద రేకులు లేచిపోయాయి. కొబ్బరి, జీడి సంగతి అందరూ రాశారు, రాయవలసిందే. మా పిల్లల మెమోలు, కులపత్రాలు నీళ్లలో నానిపోయిన సంగతి ఎవరూ రాయలేదు. ముద్దయిపోయిన మెమోని ఒక పిల్లాడు పొయ్యి దగ్గర ఆరబెట్టి, ఇస్త్రీ చేసి తెచ్చాడు. రోల్ నంబరు మాత్రం కనబడింది. ఆ నంబరు పట్టుకుని నకలు తెప్పించగలిగాం. ఆ నెలనుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను. మా కాలేజీలో చేరిన ప్రతి పిల్ల కాగితాలూ ఫోను కెమెరాతో తీసి మూడు చోట్ల దాచాను. ఇప్పుడు డిజీలాకర్ ఉంది. అయినా తుపాను రాదనుకునే ధైర్యం మా తీరంలో ఎవరికీ లేదు.

*

వెబ్ ఆప్షన్ల దగ్గర పిల్లల భయం ఒకటే. పెద్ద కాలేజీ పైన రాస్తే కిందది పోతుందేమో అని. పోదు. పైది రాకపోతేనే కిందదాన్ని చూస్తుంది ఆ పద్ధతి. కాబట్టి తమకి నచ్చిన వరసలో రాయాలి, తమకొచ్చిన రాంకు వరసలో కాదు. పదో పదిహేనో రాసి ఆపేస్తారు, అది ఇంకో పొరపాటు. వెళ్లడానికి ఒప్పుకునే చోట్లన్నీ రాయాలి, వెళ్లనిచోటు ఒక్కటీ రాయకూడదు.

జోసాలో ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అని మూడు మాటలుంటాయి. ఇంగ్లీషులో ఎన్నిసార్లు చదివినా పిల్లలకి బోధపడేది కాదు. ఒకసారి నేను మందస బస్సు గుర్తుచేశాను. రద్దీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటాం కదా. ఆ సీట్లోనే కూర్చుండిపోతే ఫ్రీజ్. తువ్వాలు అక్కడే ఉంచి, ముందు వచ్చే మంచి బస్సుల్లోకి కూడా తొంగిచూస్తుంటే ఫ్లోట్. ఇదే బస్సు చాలు, కిటికీ పక్క సీటు ఖాళీ అయితే జరుగుతాను అంటే స్లైడ్. అంటే కాలేజీ అదే, బ్రాంచి మారొచ్చు. ఆ మంచి సీటు దొరికితే పాత సీట్లో తువ్వాలు ఉండదని కూడా చెప్పాను, అది మర్చిపోకూడదు. ఆ రోజునుంచి మా పిల్లలు 'మేడం, తువ్వాలు వేసేను' అని ఫోన్లు చేసేవాళ్లు.

తువ్వాలు వెయ్యడానికి రుసుము కట్టాలి. ఆ రుసుము దగ్గర ఏం జరగగలదో 2024లో దేశమంతా చూసింది. ఉత్తరప్రదేశ్‌లో ఒక దినకూలీ కొడుక్కి ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. నాలుగు రోజుల్లో 17,500 రూపాయలు కట్టాలి. ఊళ్లో అప్పు పుట్టేసరికి ఆఖరి రోజు సాయంత్రం అయింది. అయిదింటికి పోర్టల్ మూసుకుంది. ఆ కుర్రాడు మూడు నెలలు ఆఫీసులు, కోర్టులు తిరిగి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. సెప్టెంబరు 30న కోర్టు 142వ అధికరణం కింద తన ప్రత్యేకాధికారం వాడి అతనికి సీటిప్పించింది. ఐఐటీల్లో దళిత, గిరిజన విద్యార్థులకి ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఇంటి ఆదాయం లక్ష లోపున్న ఎవరికైనా మాఫీయే. నాలుగేళ్ల ఫీజు అక్కర్లేని పిల్లాడు గుమ్మం దగ్గర కట్టవలసిన మొదటి సొమ్ముకి ఆగిపోయాడు. అందుకే మాస్టారి పేరు మీద ఈ స్మారక నిధి పెట్టినప్పుడు నేను ఒక్క మాట పట్టుబట్టాను. ఏటా ఉపన్యాసం అచ్చు వేయడానికి అయ్యే ఖర్చు పోను మిగతా వడ్డీ జూన్, జూలై నెలల్లో చేతిలో ఉండాలి, ఆ రోజే తీసివ్వగలిగేలా ఉండాలి. అది అప్పు. పిల్ల స్కాలర్‌షిప్పు వచ్చాక తిరిగి కడుతుంది. ఇప్పటిదాకా తిరిగి కట్టనివాళ్లు లేరు.

*

ఇప్పుడు నాకు అన్నింటికంటే ఇష్టమైన పని గురించి చెబుతాను. నేను తెలుగు టీచర్ని కాబట్టి ఇది నా సొంత పొలం.

కొన్ని విశ్వవిద్యాలయాలు పరీక్షతో ఆగవు. బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఇంటర్వ్యూ కూడా చేస్తుంది. ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు మాఫీ చేస్తుంది కనక మన పిల్లలకి అందేదే. ఇంకొన్ని చోట్ల నీ గురించి నువ్వు రాయమంటారు. అక్కడ మన పిల్లలు నిలబడిపోతారు. పన్నెండేళ్ల చదువులో 'నువ్వేమనుకుంటున్నావు' అని ఎవరూ అడగలేదు. అడిగినవన్నీ గైడులో జవాబున్న ప్రశ్నలే.

పలాస దగ్గరి ఒక అమ్మాయి తన గురించి రాసి తెచ్చింది. ఇంగ్లీషులో ఒక పేజీ. దేశానికి సేవ చెయ్యడం తన ఆశయమని, చిన్నప్పటినుంచీ చదువంటే ఇష్టమని, కష్టపడితే సాధించలేనిది లేదని. ఎక్కడినుంచో ఎత్తి రాసింది, తప్పుల్లేవు. అందులో ఆ పిల్ల కూడా లేదు. కాగితం పక్కన పెట్టి, "నిన్న సాయంత్రం ఇంటికెళ్లి ఏం చేశావమ్మా?" అన్నాను.

"పప్పు ఏరేను మేడం."

"ఏం పప్పు?"

"జీడిపప్పు. మా అమ్మ బట్టీలో పని చేస్తాది. ఇంటికి తెచ్చి కూడా ఏరుతాం."

ఎలా ఏరతారో చెప్పమన్నాను. ముందు సిగ్గుపడింది. తరవాత ఆపకుండా ముప్పావుగంట చెప్పింది. గుండు ఏది, బద్ద ఏది, ముక్క ఏది. గుండులో మళ్లీ 180, 240, 320 రకాలు. ఆ అంకె పెరిగినకొద్దీ పప్పు చిన్నది, ధర తక్కువ. ఎందుకని అడిగాను. ఒక పౌను బరువుకి ఎన్ని పప్పులు తూగుతాయన్నదే ఆ అంకె అంది. పౌను ఎక్కడిది, మనది కిలో కదా అంటే, సరుకు బయటి దేశాలకి వెళ్తుంది కాబట్టి వాళ్ల కొలతే ఇక్కడ కూడా అంది. వాళ్లమ్మ తూకం లేకుండా వేళ్లతోనే 240కీ 320కీ తేడా చెబుతుందట. పిక్క కొట్టేటప్పుడు పెంకు నూనె తగిలి వేళ్లు కాలి నల్లబడతాయని, పని ముందు చేతులకి నూనె రాసుకుంటారని చెప్పింది. రకాన్ని బట్టి పప్పు ధర మారుతుంది. కానీ ఏరేవాళ్ల కూలి ఏరిన బరువుని బట్టేనట. "మరి చిన్న పప్పు ఏరడానికి ఎక్కువసేపు పడతాది కదా మేడం, దానికి కూలి ఎక్కువుండాలి కదా?" అని నన్నడిగింది.

అది అర్థశాస్త్రం. ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికే మనుషులు విశ్వవిద్యాలయాలకి వెళతారు. ఆ పిల్ల ఎంచుకున్న కోర్సు కూడా అదే. తన కాగితంలో మాత్రం ఆ మాట లేదు, జీడిపప్పు రాయదగిన విషయమని ఎవరూ ఎన్నడూ చెప్పలేదు కనక.

"నాకు చెప్పినట్టే తెలుగులో రాసుకురా" అన్నాను. మూడు పేజీలు తెచ్చింది. తరవాత ఇంగ్లీషులోకి తనే మార్చుకుంది. నేను కాలాలు, విభక్తులు సరిచేశాను తప్ప ఒక్క వాక్యం కూడా నాది పెట్టలేదు. ఈ హద్దు గురించి టీచర్లకి గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. పక్కన కూర్చోవడమంటే పిల్ల చేతిలో కలం లాక్కోవడం కాదు. మనం రాసిపెడితే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే పిల్ల తెల్లమొహం వేస్తుంది. దానికంటే పెద్ద నష్టం ఇంకోటుంది. తన మాట తనకి చాలదని ఆ పిల్లకి మనమే నేర్పినవాళ్లమవుతాం.

ఇంకో హద్దు కూడా ఉంది. పేద పిల్లల చేత ఏడుపు రాయించకండి. అమ్మ కాలిన చేతుల గురించి ఆ పిల్ల రాసింది, కానీ దయ కోసం రాయలేదు. ఆ చేతులకున్న తెలివి గురించి రాసింది. కష్టాన్ని సరుకు చేసి అమ్మితే సీటొస్తుందని చెప్పే శిక్షకులు బయలుదేరారు. వాళ్ల మాట నమ్మితే పిల్ల తన ఇంటిని తలుచుకుని జన్మంతా సిగ్గుపడుతుంది.

*

ఈ పని ఎవరు చెయ్యాలి? అమెరికాలో 250 మంది విద్యార్థులకి ఒక కౌన్సెలరు ఉండాలని అక్కడి స్కూలు కౌన్సెలర్ల సంఘం చెబుతుంది. అక్కడా అన్ని చోట్లా లేరు, అది వేరే మాట. మన ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో దరఖాస్తుల కోసం అంటూ ఒక మనిషి లేడు. ఖాళీ ఉన్నచోట ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు కదా, కూర్చున్నారు. ఇంటర్ పరీక్షలు కాకముందే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇంటికొస్తారు. పిల్ల పేరు, మార్కులు, నాన్న ఫోను నంబరు వాళ్ల దగ్గర ముందే ఉంటాయి. ఎంతో ఆప్యాయంగా మాట్లాడతారు. ఫారం వాళ్లే నింపుతారు, కాగితాలు వాళ్లే తీసుకెళ్తారు. ఒరిజినల్స్ చేజిక్కితే ఆ పిల్ల ఇంక ఎక్కడికీ వెళ్లలేదు.

విదేశీ చదువుల కన్సల్టెన్సీల తీరూ అదే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అనే బూటకపు విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు అందులో చిక్కుకున్నవాళ్లలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్లకి రేడియో పట్టీలు బిగించారు. ఆ ఫోటోలు చూసి ఇక్కడ తల్లులు అన్నం మానేశారు. ఎనిమిదేళ్ల తరవాత, 2019 జనవరిలో ఫార్మింగ్టన్ పేరుతో మళ్లీ అలాంటిదే బయటపడింది. అది అమెరికా అధికారులే వలగా పన్నిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. చిక్కినవాళ్లలో మళ్లీ మనవాళ్లు. ఆ పిల్లలు చేసినదంతా ఒప్పని నేననను. కానీ దరఖాస్తు వేళ వాళ్ల పక్కన కూర్చున్న మనిషికి జీతం ఎవరిస్తున్నారో వాళ్లింట్లో ఎవరూ అడగలేదు. ఈ హాల్లో ఉన్న తల్లిదండ్రులు ఒక్కటి గుర్తుంచుకోండి. మీ పిల్ల ఫలానా చోట చేరితే ఎవరికి డబ్బొస్తుందో ఆ మనిషి సలహా సలహా కాదు.

మరి జీతం తీసుకోకుండా కూర్చునేది ఎవరు? రిటైరైన టీచర్లు, పోస్టుమాస్టర్లు, బ్యాంకు గుమస్తాలు, రెండేళ్ల ముందు ఇదే దారిలో వెళ్లిన అన్నలు, అక్కలు. వీళ్లలో ఎవరికీ అన్ని పోర్టళ్లూ తెలియనక్కర్లేదు. మాస్టారికి ఎం.ఏ. గురించి తెలిసిందా? రూలు తెలియకపోతే ఇద్దరూ కలిసి చదువుకుంటారు. ఇద్దరు చదివితే ఒకరికి తట్టనిది ఇంకొకరికి తడుతుంది. సబ్మిట్ బటన్ నొక్కేముందు ఒక్క నిమిషం ఆగుదాం అనే గొంతు ఒకటి పక్కన ఉంటుంది.

మా శనివారం బల్ల గురించి మీలో కొందరికి తెలుసు. నేను రిటైరయ్యాక హైస్కూలు లైబ్రరీ గదిలో మొదలైంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక లాప్‌టాప్, ఒక ప్రింటరు. ఇప్పుడు బల్లలు నాలుగయ్యాయి. ఒక కుర్చీ పిల్లది, ఒకటి పెద్దవాళ్లది. లాప్‌టాప్ ఎప్పుడూ పిల్ల వైపే తిరిగి ఉంటుంది, మీటలు పిల్లే నొక్కుతుంది. ముందు కాగితం మీద పెన్సిలుతో రాసుకోవాలి, తరవాతే పోర్టల్. పాస్‌వర్డు పిల్ల తన నోటుబుక్కులో తనే రాసుకుంటుంది, మాకు చెప్పదు. దరఖాస్తు అందినట్టు వచ్చే కాగితం రెండు ప్రతులు తీస్తాం. ఒకటి పిల్లకి. రెండోది ఇంటికి తీసుకెళ్లి నాన్న చేతికో అమ్మ చేతికో ఇవ్వమంటాం. నాన్న దూరాన ఉంటే ఫోటో తీసి పంపిస్తాం.

ఈ వారంలో మన హైస్కూల్లో పదో తరగతి నామినల్ రోల్స్ సరిచూస్తున్నారు. హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. వచ్చే శనివారం మధ్యాహ్నం రెండింటినుంచి ఒక్కో పిల్ల పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, కులం ఆధార్‌తోనూ బడి రిజిస్టరుతోనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకరు పైకి చదువుతారు, ఒకరు వేలు పెట్టి చూస్తారు. నూట పదహారు మంది పిల్లలు. మాకింకా ఆరుగురు పెద్దవాళ్లు కావాలి. కళ్లద్దాలు తెచ్చుకోండి, పెన్సిళ్లు మేమిస్తాం.